కదలని ముల్లు

2083లో కాకినాడ సముద్రగోడ మీద పనిచేసేవాళ్లందరికీ ఏటా మనసు పరీక్ష తప్పనిసరి. అందులో తప్పితే తిన్నగా దిద్దుబాటు వార్డుకే. అక్కడ బుర్రలోని భ్రమలను కడిగేస్తారు. వాటితో పాటు సగం జ్ఞాపకాలూ కొట్టుకుపోతాయి. అందుకే గోడ కాపలాదారు పోలారావు కుర్చీ అంచున కూర్చుని చెమటలు కక్కుతున్నాడు.

డాక్టర్ మృణాళినికి మాత్రం తొందరగా ఉంది. ఇరవై రెండేళ్లలో ఆవిడ నిర్ధారణ ఒక్కటీ తప్పలేదని పేరు. రోగి లోపలికి రాకముందే కాగితాలు చూసి జబ్బు పేరు రాసేసే అలవాటు కూడా ఆ పేరుతోనే అబ్బింది. పోలారావు కేసుషీటులో పొద్దున్నే 'సైకోసిస్' అని రాసేసింది.

"ఏం వినపడుతోంది?"

"గోడలోంచి టకటకమని సప్పుడండి. ఆఫీసోళ్లకి నాలుగుసార్లు రాసిచ్చానండి. నా కాయితాలు మాయం సేసేత్తన్నారండి."

లేని శబ్దం వినడం ఒక లక్షణం. నలుగురూ కలిసి కుట్ర చేస్తున్నారనుకోవడం ఇంకొకటి. కానీ అంతమాత్రాన మనిషికి మతి తప్పిందనలేం కదా! ఆ తేడా పట్టేదే నమ్మికమాపకం. నుదుటికి పట్టీ కట్టి, మన నమ్మకానికి ఎదురు సాక్ష్యం చూపిస్తుందది. మామూలు మనసైతే కాస్తయినా తడబడుతుంది, తెర మీద ముల్లు కదులుతుంది. భ్రమలో కూరుకుపోయిన మనసు దేనికీ చలించదు. పోల్చి చూడటానికి రెండో పట్టీ డాక్టరు కట్టుకోవాలన్నది నియమం కాబట్టి మృణాళినీ ఒకటి కట్టుకుంది.

యంత్రం గోడ సెన్సర్ల రికార్డులు వినిపించింది. అంతా నిశ్శబ్దం. పోలారావు ముఖం పాలిపోయింది.

"ఏమోనండి... నిద్దర్లేక నాకే అలాగనిపించిందేమోనండి."

అతని ముల్లు సగానికి పడిపోయింది.

"రెండో సాక్ష్యం," అంది యంత్రం. "ఆ సెన్సర్లు చెడిపోయి రెండు నెలలైంది. ఇది నిన్న గజఈతగాళ్లు గోడ అడుగున పెట్టిన మైకు." టక్. టక్. టక్. "చెరిపేసిన ఫైళ్లలో ఇతని ఫిర్యాదులు నాలుగూ దొరికాయి."

మృణాళిని తెర వైపు చూడనైనా లేదు. ఇది నిజమైతే ఇన్నేళ్లలో తను వార్డుకు పంపినవాళ్లలో ఎంతమంది... ఆ ఆలోచనను అక్కడే తుంచేసింది.

"అలల చప్పుడది. ఫైళ్లు పొరపాటున చెరిగుంటాయి. లక్షణాలు స్పష్టంగా ఉన్నాయి. వార్డుకు పంపించు."

"ఒక పట్టీలో ముల్లు బొత్తిగా కదలలేదు డాక్టర్. నిబంధన ప్రకారం ఆ పట్టీ కట్టుకున్నవారిని పంపుతున్నాను."

తలుపు తెరుచుకుంది. ఇద్దరు అటెండర్లు వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు.

"యంత్రం పాడైంది! మీరంతా కలిసి నామీద కుట్ర చేస్తున్నారు!"

వాళ్లలో పెద్దవాడు ఆ మాటలను లక్షణాల కింద శ్రద్ధగా రాసుకున్నాడు.

పోలారావు పట్టీ పీకేసి వాళ్ల వెనకాలే పరిగెత్తాడు. "ఒక్కపాలి సూడండి బాబూ! నిజంగానే మిసను పాడైందేమో!"

అతని మాట ఎవరూ వినిపించుకోలేదు.