పదకొండు నాలుగుకు మాయమైన పటం

మంగళవారం పగలు 11:04.

రాజపాళయంలో బ్యాండేజీ బట్ట నేసే ఒక మిల్లు. దాని సర్వర్‌లోంచి మూడేళ్ల టెస్ట్ రిపోర్టులు ఒక్కొక్క ఫోల్డరుగా మాయం కావడం మొదలైంది. 11:09కి ఒక్కటీ మిగల్లేదు.

మధ్యాహ్నం 2:30కి సైబర్ క్రైమ్ సబ్ ఇన్‌స్పెక్టర్ జయప్రియ ఒక కానిస్టేబుల్‌తో మిల్లు మెట్లు ఎక్కింది. మేనేజర్ శంకరలింగం నమస్కారం కూడా పెట్టలేదు.

"కనుక్కొనేదానికి ఏమీ లేదు మేడం. సెల్వి చేసినాది. లాగ్‌లో దాని పేరే ఉండాది. రేపు ఆడిట్ వస్తాది. దాన్ని సాయంత్రంలోపల తీసుకొని పోండి."

జయప్రియ అతన్ని వెంటబెట్టుకుని సర్వర్ రూమ్ వైపు నడిచింది. తీర్పు ముందే రాసిపెట్టుకుని పోలీసును పిలిచేవాళ్లను ఆమె చాలామందిని చూసింది.

సర్వర్ రూమ్‌లో గోడకు ఆనుకుని సెల్వి నిలబడి ఉంది. ఆరేళ్లుగా ఈ సర్వర్లను చూసుకునే ఉద్యోగి. గదిలో ఉన్న ఒక్క కుర్చీలో ఒక మనిషి కూర్చున్నాడు. ఒళ్లో ల్యాప్‌టాప్.

"మీరెవరు?"

"నా పేరు కన్నన్. మదురై మేడం. సార్ పిలిస్తే వచ్చినాను. రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ అమ్ముతాను. దూరంగా కూర్చొని సర్వర్‌ని నడిపేది. ఈ గ్రూపులో అయిదు మిల్లులకీ మాదే తీసుకొమ్మని మూడు నెలలుగా చెప్తా ఉండాను. ఈమె ఒప్పుకోలేదు. సర్వర్‌తో ఊరకే వచ్చే రిమోటే చాలునన్నాది. ఏమైనాదో చూడండి."

"నీది వద్దంటే నేను దొంగనా?" సెల్వి విరుచుకుపడింది. "ఒకసారి పాస్‌వర్డ్ పెట్టుకుంటే, ఈ పక్క ఎవరూ సరి అనకుండానే లోపలికి వచ్చేస్తాది నీది. అందుకే వద్దన్నాను."

"ట్రయల్ వేసినారా?" జయప్రియ అడిగింది.

"పది దినాలు వేసినాము. శుక్రవారం తీసేసినాను," అన్నాడు కన్నన్.

జయప్రియ సెల్వి వైపు తిరిగింది.

"11:04కి ఎక్కడ ఉండినావు?"

"చోళపురం యూనిట్‌లో."

"ల్యాప్‌టాప్ ఉండిందా?"

"ఉండింది."

"అక్కడనుంచి ఈ సర్వర్‌లోకి రావచ్చా?"

"రావచ్చు. రాలేదు."

శంకరలింగం నవ్వాడు. "విన్నారు కదా?"

సర్వర్ తెర వెలుగుతోంది. దాని నిండా మిల్లు పెట్టిన పెద్దాయన ఫోటో, పూలదండతో. పక్కన కొన్ని ఫోల్డర్ల గుర్తులు.

"దీన్ని లాక్ చేయరా?"

"లేబుల్ ప్రింట్ చేసే ప్రోగ్రాం నా పేరుతో తెరిచి ఉండాల. పొద్దున 8:30కి తెరిచి పెడతాను. లాక్ చేస్తే సార్ అరుస్తారు."

"లేబుల్ లెక్క చూసేదానికి గంటకొకసారి పాస్‌వర్డ్ కొట్టుకుంటా ఉండాలనా?" శంకరలింగం గొంతు పెంచాడు.

జయప్రియ తలుపు దగ్గరి రిజిస్టర్ తిప్పింది. 11:00 నుంచి 11:10 దాకా లోపల ఒక్కరే. పాపాత్తి.

"ఈమెను అడిగినారా?"

"ఊడ్చేదాన్నా? దానికి అక్షరం రాదు మేడం. అదేమి చెప్తాది?"

"పిలవండి."

పాపాత్తి బకెట్‌తోనే వచ్చింది. యాభై దాటిన మనిషి. అందరి ముఖాలూ చూసి బకెట్ కింద పెట్టింది.

"పదకొండు గంటలకు ఇక్కడ ఏం చేసినారక్కా?"

"టీ బెల్లు కొట్టినాక వచ్చినాను. ఏసీ నీళ్లు పట్టే బకెట్ ఎత్తినాను. దినమూ పెట్టినట్టే పెద్దాయనకు దండం పెడదామని చూస్తే ఆయన లేడు."

"ఎవరు?"

పాపాత్తి తెర వైపు చెయ్యి చూపింది.

"అంతా నల్లగా ఉండింది. డబ్బాలు మాత్రం ఉండినాయి. బాణం దానంతట అదే పరుగెత్తినాది. మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు. భయమై బయటికి పోయినాను. వాచ్‌మన్ అన్నతో చెప్తే, పెద్దాయన టీ తాగను పోయుంటాడు పో అని నవ్వినాడు."

"కరెంట్ పోయి వచ్చుంటాది," అన్నాడు కన్నన్. కొంచెం తొందరగా అన్నాడు.

జయప్రియ ఆ తొందరను గుర్తు పెట్టుకుంది.

"సెల్వీ, నువ్వు చోళపురంనుంచి ఎట్లా వస్తావో అట్లా రా. నీ ల్యాప్‌టాప్‌లోనే."

సెల్వి పాస్‌వర్డ్ కొట్టింది. వెంటనే సర్వర్ తెర మారింది. పెద్దాయన పోయాడు. పెద్ద గడియారం, దాని వెనక ఒక కొండ బొమ్మ.

"పొద్దున చూసింది ఇదేనా అక్కా?"

"ఇది కాదు. దీంట్లో బాణమే లేదే."

సెల్వి సర్వర్ దగ్గరికి వెళ్లి పాస్‌వర్డ్ కొట్టి తెర తాళం తీసింది. పెద్దాయన తిరిగి వచ్చాడు. జయప్రియ కన్నన్ ముందు చెయ్యి చాపింది.

"ల్యాప్‌టాప్."

"అది మా కంపెనీది మేడం."

"ఇస్తే ఇక్కడే చూస్తాను. లేదంటే సీల్ వేసి తీసుకొని పోతాను."

ఇచ్చాడు. అతని సాఫ్ట్‌వేర్‌లో పాత కనెక్షన్ల జాబితా ఉంది. మొదటిది ఈ మిల్లు సర్వరే. పక్కన సమయం: ఈరోజు, 11:04.

జయప్రియ దాన్ని నొక్కింది. పాస్‌వర్డ్ అడగనే లేదు.

సర్వర్ తెర మీద పెద్దాయన మాయమయ్యాడు. అంతా నలుపు. ఫోల్డర్లు మాత్రం మిగిలాయి. ఆమె ల్యాప్‌టాప్ మీద వేలు కదిపింది. అక్కడ బాణం పరుగెత్తింది.

పాపాత్తి ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇదే."



"సెల్వి వస్తే ఇక్కడి తెరకు తాళం పడతాది," అంది జయప్రియ. "ఈయన వస్తే తాళం పడదు. దూరంనుంచి తొందరగా కదిలేదానికని వీళ్ల సాఫ్ట్‌వేర్ వెనకాల ఉండే ఫోటోను తీసేస్తాది. పని అయినాక మళ్లా పెట్టేస్తాది. తెర సెల్వి పేరుతో తెరిచి ఉండినాది. అందుకే లాగ్‌లో ఆ పేరు పడినాది. శుక్రవారం మీరు తీసింది తెర మీది గుర్తు ఒక్కటే కన్నన్. సెల్వి వాడేది పనికిరాదని చూపిస్తే అయిదు మిల్లులూ మీకు వస్తాయని ఇది చేసినారు."

కన్నన్ కుర్చీలోంచి లేవలేదు. కానిస్టేబుల్ వచ్చి లేపాల్సి వచ్చింది.

వాళ్లు మెట్లు దిగాక శంకరలింగం నుదురు తుడుచుకున్నాడు. "దొంగ దొరికితే నాకేమి? రేపటికి రిపోర్టులు ఏవి?"

"చోళపురంలో ఉండాయి," అంది సెల్వి. "పొద్దున నేను పోయింది బ్యాకప్ డిస్క్ పెట్టేదానికే."

"ఇంతసేపు నోరు తెరవలేదే నువ్వు?"

"మీరు రిపోర్టులు అడగలేదు సార్. నన్ను తీసుకొని పొమ్మన్నారు."

ఆమె సర్వర్ ముందుకు వెళ్లి రెండు మీటలు నొక్కింది. తెరకు తాళం పడింది. శంకరలింగం నోరు తెరిచాడు. జయప్రియ అతన్నే చూస్తూ నిలబడింది. అతను పక్కకు తప్పుకున్నాడు.

"పెద్దాయన మళ్లా పోయినాడే," అంది పాపాత్తి, బకెట్ ఎత్తుకుంటూ.

"లోపలే ఉండాడక్కా," అంది సెల్వి. "ఇంకమీద ఎవరు చూడాలన్నా నన్ను అడిగి చూడాల."