నిప్పుగూటికి గీసిన సగం బొమ్మ

నవంబరు అమావాస్య... సంధ్యవేళ! డెర్బీషైర్ బీడుకొండల మీద కారుమబ్బులు పిశాచసైన్యంలా కమ్ముకున్నాయి. ఫెళఫెళమని ఉరిమింది. హార్‌గేట్ భవనపు పొగగొట్టంలో గుడ్లగూబ కూసింది... కానీ ఆ కూత, కింద హాల్లో పొయ్యి ముందున్న పుర్రెలోంచి వచ్చినట్టుంది!

శిల్పి ఇనాక్ థార్ప్ చేతిలో బొగ్గుకడ్డీ ఆగిపోయింది.

ఆ భవనపు ప్రభువు సర్ పెరెగ్రిన్ తన హాల్లో పొయ్యి చుట్టూ కొత్త పాలరాతి నిప్పుగూడు కావాలన్నాడు. రెండు వైపులా ఇద్దరు స్త్రీమూర్తులు నిలబడి పైదిమ్మెను తలల మీద మోయాలి. ముందు కాగితం మీద నమూనా గీసి చూపాలి. ఇనాక్ ఒప్పుకున్నది పని కోసం కాదు. అతని కూతురు కెజియా ఇక్కడే పనిమనిషి. వసంతంలో ఏట్లో పడి పోయిందన్నారు. శవం దొరకలేదు. ఈ గడపలో కాలుపెట్టడానికి అతనికి ఒక సాకు కావాలి!

అంతలో మెట్ల మీద ప్రభువు భార్య లెటీషియా విరుచుకు పడిపోయింది. కనుగుడ్లు తేలిపోయాయి. నోట వచ్చింది ఆమె గొంతు కాదు!

"నాన్నా... నేను ఏట్లో పడలేదు! ఈ పొయ్యిలోనే... ఆ పుర్రె నాదే నాన్నా!"

సర్ పెరెగ్రిన్ వికృతంగా నవ్వాడు.

"వాగేసిందా? బతికున్నప్పుడూ దీని నోరు ఆగేది కాదు. విను ముసలాడా! కన్నవాడు తన చేత్తో రూపం గీస్తేనే ఆత్మ రాతిలో బిగుస్తుంది. ఇక అది నా ఇల్లు కాసే బానిస. గీయనన్నావో... పుర్రెలోనే ఉంచి రోజూ మాడుస్తా!"

ఇనాక్ పళ్లు బిగించి గీశాడు. కెజియా నుదురు... నవ్వాపుకునేటప్పుడు బిగిసే పెదవి... ఎడమవైపు స్త్రీమూర్తి పూర్తయింది. కాగితం నడుమ నిలువుగీత లాగి బొగ్గు కింద పెట్టాడు.

"కుడివైపేదీ?"

"మా పనిలో సగమే గీస్తాం దొరా. రెండోది అద్దంలో నీడలాంటిదే. మీ తాతగారి నిప్పుగూళ్లూ కాగితం మీద సగాలే."

"తెలుసులేవోయ్, నాకు పాఠాలా!"

మాంత్రికుడైన ఆ దొర ముంజేయి కోసుకుని నెత్తురు కాగితం మీద చిలకరించాడు.

"అధోలోకాధిపతీ! రెండు స్థానాలూ నిండుగాక! నా రక్తమే సాక్షి!"

రెండు స్థానాలు... గీసింది ఒక్కటే!

పొగగొట్టం మీద పిడుగు పడింది! నాలుకలు చాచిన మంటల్లోంచి కాలి కమిలిన రెండు చేతులు బయటికొచ్చి అతని మెడ పట్టుకున్నాయి.

"రండి దొరా... నా పక్కన చోటు ఖాళీగా ఉంది!"

"ఆగు! నేను నీ యజమానిని! ఆగూ...!"

అతని దేహం మసై, పొడై, ఆ కాగితం కుడిసగంలో నల్లని గీతలుగా అణగిపోయింది. తల మీద పాలరాతి దిమ్మె!

ఇనాక్ సంచిలోంచి మెత్తని రొట్టె తీశాడు. బొగ్గు గీతల్ని చెరిపేది దానితోనే. ముక్క తుంచి, పసిపాప ముఖం తుడిచినంత మృదువుగా కెజియా రూపాన్ని చెరిపేశాడు. ఆఖరి గీత పోగానే పుర్రె పొడిగా రాలిపోయింది.

"వెళ్లొస్తా నాన్నా..."

ఆ మాటతో లెటీషియా కళ్లు మూతపడి, ఊపిరి కుదుటపడింది.

కాగితంలోంచి సన్నటి ఏడుపు. "నన్నూ చెరుపు ఇనాక్! బరువు... మెడ వంగిపోతోంది! నీ కాళ్లు పట్టుకుంటా!"

ఇనాక్ చేతిలో ఒకే ముక్క మిగిలింది. దాన్ని నోట్లో వేసుకుని తాపీగా నమిలాడు.

"ఆకలేసింది దొరా."

కాగితం లోపల ఎముక ఫటిల్లుమంది!