అవతలి గోడ చప్పుడు

మూడో అంతస్తులో ఆ చివరి వాటా పేరెత్తితే చాలు, ఆ భవనంలోవాళ్లు మాట మార్చేసేవారు. అద్దెకు అడగొచ్చినవాళ్లు వచ్చిన దారినే పోయేవారు. ఎందుకంటే — తాళం వేసిన ఆ ఇంట్లో, రాత్రయితే ఎవరో గోడ కొడతారట... దబ్... దబ్... దబ్...

ఆ గోడకు ఇవతల ఉండేది టైలరమ్మ. కుట్టుపనిలో ఎంత చెయ్యి తిరిగిన మనిషో, మాటలోనూ అంతే. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు" అని అందరికీ ధైర్యం చెప్పేది. ఇంట్లోకెళ్లి తలుపేసుకున్నాక మాత్రం ఆవిడకే కంటిమీద కునుకుండేది కాదు.

అవతలి వాటాలో ఒంటరిగా ఉంటూ చనిపోయిన పిన్నిగారికీ ఆవిడకూ ఒక అలవాటు ఉండేది. పడుకునే ముందు పిన్నిగారు గరిటెతో గోడమీద రెండు దెబ్బలు వేసేవారు... 'నేను బాగానే ఉన్నా' అని. ఇవతల నుంచి టైలరమ్మ కత్తెర పిడితో రెండు కొట్టేది... 'సరే, పడుకోండి' అని.

చివరి రాత్రి మాత్రం ఆ దెబ్బలు రెండుతో ఆగలేదు. దబ్... దబ్... దబ్... తెల్లారేసరికి ఇవ్వాల్సిన పెళ్లిబట్టలు మిషన్ మీదున్నాయి. "ఈవిడకు తోచకపోతే నా ప్రాణం తోడేస్తుంది!" అని విసుక్కుని, టైలరమ్మ మిషన్ ఇంకా గట్టిగా తొక్కింది. చప్పుడు ఎప్పుడాగిందో గమనించనేలేదు.

మర్నాడు తలుపు పగలగొట్టారు. పిన్నిగారు నేలమీద ఉన్నారు... చల్లగా.

"నీకేం వినపడలేదా?" అని అడిగినవాళ్లకు, "మిషన్ చప్పుడులో ఏం వినపడుతుంది?" అంది. ఆ అబద్ధం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఒకరోజు చీకటిపడే వేళ కరెంటు పోయింది. గిన్నెలు కడిగి కుళాయి కట్టేసిందో లేదో — దబ్... దబ్... దబ్... ఎప్పుడూ ఇంతే. తన పనయ్యేదాకా ఆగి మరీ పిలుస్తున్నట్టు!

ఇక తట్టుకోలేకపోయింది. కొవ్వొత్తి పట్టుకుని వెళ్లి, ఆ తలుపుకు నోరానించి గొణిగింది.

"పిన్నిగారూ... విన్నాను... వినే ఊరుకున్నాను..."

లోపల అడుగుల చప్పుడు. గడియ కదిలింది... తలుపు మెల్లగా తెరుచుకుంది. కొవ్వొత్తి జారి కిందపడి ఆరిపోయింది.

"భయపడకండక్కా! ప్లంబర్ని. ఇంటాయన పంపారు." టార్చి వెనక నుంచి గొంతు. "మీ గొణుగుడుకి నాకే వణుకొచ్చింది. దెయ్యం దొరికింది లెండి... ఇదిగో, ఈ పైపు. మీరో, పైవాళ్లో కుళాయి కట్టేసినప్పుడల్లా గోడకు కొట్టుకుంటోంది."

టైలరమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పైపు... అంటే ఆ రాత్రి కూడా పైపేనేమో! పిన్నిగారు తనను పిలవనే లేదేమో!

"తమ్ముడూ, ఇది... ముందునుంచీ ఇంతేనా?"

"లేదక్కా. ఇక్కడ ఇనపబీరువా ఉండేది, గోడమీద మచ్చ చూడండి. అది పైపును అదిమిపట్టి ఉంచింది. ఆ పెద్దావిడ పోయాక సామాన్లు తీసేశారు కదా... అప్పట్నుంచే ఈ గోల. ఆవిడున్నన్నాళ్లూ కదిలే సమస్యే లేదు."

అతను పైపుకు పట్టీ బిగించాడు. "ఇక హాయిగా నిద్రపోండి" అన్నాడు.

టైలరమ్మ ఇంటికొచ్చి కుళాయి తిప్పింది. కట్టేసింది. చప్పుడు లేదు. కత్తెర తీసుకుని గోడమీద రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి చాలాసేపు నిలబడింది.

దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేది... క్షమించమని అడగడానికి ఒకరైనా ఉండేవారు.