మెచ్చుకోని నోరు

పొద్దున్నే కొట్టు తెరిచి అగరొత్తులు వెలిగించాడో లేదో, బంగారురాజు నెత్తి మీద ధబధబా అడుగులు మొదలయ్యాయి. గజపతినగరం బజార్లో స్టీలు సామాన్ల కొట్టు కింద, కాపురం మేడ మీద. ఆ మేడ మీదే కూతురు సింధూరి, మరో ముగ్గురమ్మాయిలతో కలిసి నృత్యనాటకం రిహార్సల్ చేస్తోంది. ఆదివారం విజయనగరంలో ప్రదర్శన. పోనీ మన పురాణమా అంటే, అదీ కాదు. బైబిల్లోని ప్రేమపాటలట!

"పిల్ల పళ్ళు గొర్రెల మందట, జుట్టు మేకల మందట!" ఎదురుకొట్టు జగన్నాధంతో ఈసడించాడు బంగారురాజు. "ఆ ప్రియుడు మెచ్చుకుంటన్నాడో, సంతలో బేరమాడతన్నాడో ఆడికే తెలీదు. దీనికి నా కూతురు గజ్జె కట్టాల! సిగ్గుసేటు."

"మీ ఆవిడ గొంతూ వినబడతందేటి?" అన్నాడు జగన్నాధం నవ్వుతూ.

అంతే, విసవిసా మెట్లెక్కాడు బంగారురాజు. ఈ తైతక్కలు ఇవాళ్టితో సరి!

పైకెళ్ళేసరికి మతిపోయింది. నాటకంలో ప్రియుడి మాటలు చదవాల్సిన నరేష్‌కి జ్వరమట. అతని బదులు భార్య పద్మకుమారి కాగితం పట్టుకుని, ఆ పొగడ్తలన్నీ చదువుతోంది. సింధూరి వాటికి సిగ్గుపడుతూ అడుగులేస్తోంది.

"బాగుందే సంబడం! ఏబై దాటిన ముసల్దానికి ప్రేమపాటలా? ఏయ్, అందరూ మూటాముల్లె సర్దండి!"

"నాన్నా, మూడ్రోజుల్లో ప్రదర్శన. ఇప్పుడెక్కడికి పొమ్మంటావు?" సింధూరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కడికైనా పో. గొర్రెలూ మేకలూ అంటూ నా ఇంట్లో..."

"గొర్రెలైతే ఏటండి?" పద్మకుమారి కాగితం దించింది. "పాటలో ఆ కాపరోడికి అవే గొప్ప. ఆడికి తెలిసిందేదో నోరు తెరిచి సెప్పాడు. మీరేటన్నారు? పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని మావగారడిగితే, తలుపెనకాల నేనింటన్నాను. 'పర్లేదు' అన్నారు. ముప్పై రెండేళ్ళయింది. ఇంకో ముక్క సెప్పనేదు. పర్లేదనిపించుకున్న మనిషిలాగే బతుకుతన్నాను."

గిన్నె గురించి గంటసేపు వాగి అంటగట్టగల మహా మాటకారి, గోడకేసి తిరిగాడు.

"అలాక్కాదే," అన్నాడు, గోడతో చెబుతున్నట్టు. "మా నాన్న నేర్పిన యాపారం అది. నచ్చినట్టు మొహంలో కనబడితే బేరం సెడిపోతాదని. నువ్వొచ్చి మంచినీళ్ళిచ్చేసరికే నా మనసు జారిపోయింది. అందుకే అలగన్నాను."

"మరి పెళ్ళయ్యాకైనా సెప్పొచ్చుగా! ఇంకేటి బేరం?"

"అలవాటైపోయిందే పద్మా. ఎదవని." "ఆ రోజు పసుప్పచ్చ సీర కట్టుకున్నావు. అంచు మీద మావిడి పిందెలు. కుడిపక్క ఒక పిందె దగ్గర దారం ఊడిపోయింది."

పద్మకుమారి కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. ఇన్నేళ్ళ ఏడుపూ ఒక్కసారే వచ్చింది.

కొనేవాళ్ళొచ్చారని కింద నుంచి జగన్నాధం కేకేశాడు. "రేపు రమ్మను!" అని అరిచి, "ఆదివారం దాకా మీ రిహార్సల్ ఈ మేడ మీదే" అని కూతురికి చెప్పి, బంగారురాజు భార్య పక్కన చతికిలబడ్డాడు. పరాయిపిల్లలు చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

"నచ్చావే," అన్నాడు. "సూసిన మరుక్షణమే నచ్చావు."