ఏడున్నర సీరియల్

మా ఇంట్లో టీవీ ఉన్న చోటు నాకు మొదటి నుంచీ నచ్చలేదు. వంటగదిలో నిలబడితే సగం తెర కనిపిస్తుంది, పొయ్యి ముందు కూర్చుంటే అదీ కనిపించదు. అందుకని నాలుగేళ్ల పాటు సీరియల్‌ను నేను సగం చూశాను, మిగతా సగం జొన్నరొట్టెలు కొడుతూ విన్నాను.

నా పేరు సోని. ఏన్కూరు మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. అయిదున్నరకు ఆటో దిగి, అడవి అంచున ఉన్న మా తాండా దాకా ఒకటిన్నర కిలోమీటరు నడిచి ఇంటికి చేరతాను. మా ఆయన కోటేష్ సత్తుపల్లి దగ్గర బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. వారం వారం షిఫ్టు మారుతుంది. మా పాప భార్గవి మూడో తరగతి. ఇంకొక మనిషి మా అత్త జమ్లి. ఈ కథంతా ఆమెతోనే వచ్చింది.

అత్తకు సీరియల్ అంటే ప్రాణం. కానీ రెండు కళ్లకూ శుక్లాలు. ఆపరేషన్ అంటే ఇంట్లోంచి పారిపోతానని బెదిరించేది. తెలుగు కూడా సంతలో బేరమాడేంత వరకే వచ్చు. సీరియల్లో వాళ్లు మాట్లాడే పొడవాటి మాటలు ఆమెకు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. కాబట్టి ఏడున్నరకు టీవీ పెట్టడం, అక్కడ జరిగేది మా లంబాడీలోకి మార్చి ఆమెకు చెప్పడం నా పని. ఆమె గోడ పక్క మంచం మీద కూర్చునేది. చేతుల నిండా తెల్ల గాజులు. అడ్వర్టైజ్‌మెంట్ రాగానే ఆ గాజులు ఒకసారి కదిలేవి.

"పచ?" అనేది.

మా భాషలో 'తర్వాత?' అని. ఇక్కడ మిగతా మాటలన్నీ తెలుగులో రాస్తున్నాను, ఆ ఒక్కటీ, అత్తను నేను పిలిచే 'యాడీ' (అమ్మా) అన్నదీ మాత్రం మార్చలేను.

పొద్దున నాలుగున్నరకు లేచే మనిషికి రాత్రి ఏడున్నరకు ఓపిక ఎంతుంటుంది? మొదట్లో శ్రద్ధగానే చెప్పాను. రెండో ఏటికి విసుగొచ్చింది. ఆ సీరియల్లో తప్పిపోయిన బిడ్డ కోసం కోడలు ఎనిమిది నెలలు వెతికింది. నేను రెండో నెలలోనే "బిడ్డ దొరికింది యాడీ" అని తేల్చేశాను. ఇక అక్కడి నుంచి టీవీ కథ ఒకటి, నా కథ ఒకటి. కొత్తగా కల్పించే తెలివి నాకెక్కడిది? మా ఇంట్లో జరిగేదే చెప్పేదాన్ని. కోడలు ఆఫీసుకు పోయింది, సారు తిట్టిండు. మొగుడు డ్యూటీకి పోయిండు. పాపకు లెక్కలు రాలే. అత్త కళ్లు తుడుచుకుంటూ వినేది.

"పాపం ఆ కోడలు ఎంత కష్టపడుతున్నదే" అనేది. నేను పిండి చేతులతో ఆమె వైపు చూసేదాన్ని. నాకు ఒళ్లు మండేది. ఆ కోడలు నేనే అని చెప్పాలనిపించేది.

ఒక సాయంత్రం ఆఫీసులో ఏదో సర్వే వివరాలు రెండు వందల పేజీలు ఎక్కించి వచ్చాను. నడుము పడిపోతోంది. "పచ?" అంది అత్త. "పచ ఏముంది? ఆ ఇంట్ల అత్త చచ్చిపోయింది" అన్నాను.

గాజులు ఆగాయి. మళ్లీ అడిగింది. "పచ?"

"ఏం లేదు. కథ అయిపోయింది."

ఆ మాట అన్న తొమ్మిదో రోజు తెల్లవారేసరికి అత్త మంచంలో చల్లబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఆయుష్షు తీరిందని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అనుకోవడానికి ప్రయత్నించాను.

దినాలు అయ్యేదాకా టీవీ మీద దుప్పటి కప్పాం. అత్త మంచం తాండా చివర జంపయ్యకు ఇచ్చేశాం. పదమూడో రోజు భార్గవి దుప్పటి తీసి టీవీ పెట్టింది. నాకూ ఇల్లు బోసిగా ఉంది, వద్దనలేదు. రొట్టె కొడుతున్నాను. అడ్వర్టైజ్‌మెంట్ వచ్చింది.

"పచ?"

"పచ ఏముంది యాడీ, వాళ్ల కోడిపెట్టను అడివిపిల్లి ఎత్తుకపోయింది" అనేశాను.

అన్నాక చేయి ఆగిపోయింది. గోడ పక్కన మంచం లేదు. ఉత్త నేల. కానీ అత్త కాల్చే చుట్ట వాసన వస్తోంది, ఆమె తలకు రాసుకునే ఆముదం వాసన వస్తోంది. భార్గవి టీవీ చూస్తూనే మెల్లగా అంది.

"అమ్మా... గాజులు చప్పుడైతున్నయ్."

తెల్లారి చూస్తే గంప కింద మా కోడిపెట్ట లేదు. వాకిట్లో నాలుగు ఈకలున్నాయి.

అడవి పక్క ఇల్లు, కోడి పోవడం వింతేమీ కాదు. మర్నాడు మళ్లీ అడిగితే, భయపడుతూనే టీవీలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రోజు టీవీలో పాపకు జ్వరం. మా భార్గవి ఒళ్లు అర్ధగంటలో పొయ్యి రాయిలా కాలిపోయింది. మూడు రోజులు ఖమ్మం దవాఖానాలో ఉన్నాం. ఆమెకు ఏం చెబితే అదే మా ఇంట్లో జరుగుతోందని అప్పుడు నాకు అర్థమైంది.

చెప్పకుండా ఉండి కూడా చూశాను. టీవీ తీయలేదు. ఏడున్నరకు గోడ దగ్గర "పచ?" అంది. పలకలేదు. కాసేపటికి ఆ మాట బియ్యం డబ్బా దగ్గర వినిపించింది. తర్వాత నా వెనక. తర్వాత... నా చెవి పక్కన. చుట్ట వాసనతో చల్లటి గాలి మెడకు తగిలింది. కళ్లు మూసుకుని చెప్పేశాను.

"అందరు ఇంటికొచ్చిండ్రు. తిన్నరు. పండుకున్నరు."

గాజులు కదిలాయి. చుట్ట వాసన పోయింది.

ఆ రోజు నుంచి అదే నా పద్ధతి. ఏడున్నరకు కూర్చోవడం, ఆ కథలో బయటికి పోయిన ప్రతి మనిషినీ లెక్కపెట్టి ఇంటికి తేవడం. మొగుడు డ్యూటీకి పోయిండు, వచ్చిండు. పాప బడికి పోయింది, వచ్చింది. ఎవరినీ బయట వదలకూడదు. సెలవు లేదు, పండగ లేదు. అత్త బతికి ఉన్నప్పుడు చూపించిన విసుగుకు ఇప్పుడు శిక్ష అనుభవిస్తున్నానని ఏడుపొచ్చేది.

కోటేష్‌కు చెప్పాను. మొదటి షిఫ్టు వారాల్లో ఏడుకే గురకపెట్టే మనిషికి ఏం వినిపిస్తుంది? నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"అమ్మకు నువ్వంటే పానం. నిన్నేం జేస్తది? ఊకె బుగులు పెట్టుకోకు సీరియలమ్మా" అని నా తల మీద చెయ్యి వేశాడు. అరచేయి నిండా స్టీరింగ్ కాయలు. ఆ చెయ్యి లేకపోతే నేను బతకలేనని ఆ క్షణంలో నాకు నిజంగా అనిపించింది.

ఆగస్టు నెల. నాలుగు రోజులుగా ముసురు. కోటేష్‌ది రెండో షిఫ్టు, మధ్యాహ్నం మూడింటికి ఎక్కి రాత్రి పదకొండుకు దిగుతాడు. బండి మీద ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. నాకు జ్వరం. అయినా ఆఫీసుకు వెళ్లి, తడిసి వచ్చి, రెండు రొట్టెలు కొట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాను. బయట వాన, తడి మట్టి వాసన, పైకప్పు రేకుల మీద ఒకటే చప్పుడు. టీవీలో సీరియల్ హీరో తెల్ల చొక్కా వేసుకుని ఎవరికో ఏదో నీతి చెబుతున్నాడు. భార్గవి నా కాళ్ల దగ్గర నిద్రపోయింది.

"పచ?"

"కోడలు ఆఫీసుకు పోయి వచ్చింది యాడీ. పాప బడికి పోయి వచ్చింది. మొగుడు డ్యూటీకి పోయిండు..."

అంతే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి గోడ గడియారం ఏడు యాభై అయిదు చూపిస్తోంది. ఇరవై నిమిషాలు నిద్రపోయాను. మొగుడు డ్యూటీకి పోయిండు. అక్కడ ఆపేశాను. వచ్చిండని చెప్పలేదు.

"యాడీ" అన్నాను. "యాడీ, ఇంకా ఉంది... కథ అయిపోలే..." చుట్ట వాసన లేదు. గాజులు లేవు. అడిగే వాళ్లు లేరు.

కోటేష్‌కు ఫోన్ చేశాను. కలవలేదు. మళ్లీ చేశాను. వానకు సిగ్నల్ పోయిందని నాకు నేను చెప్పుకున్నాను. టీవీ వైపు చూశాను. తెర మీద ఆ హీరో ఒక తలుపు ముందు నిలబడి ఉన్నాడు. కొట్టబోతూ చెయ్యి ఎత్తాడు. నేను గోడకేసి గట్టిగా అరిచాను.

"వచ్చిండు! మొగుడు ఇంటికొచ్చిండు!"

అరిచేటప్పుడు నా కళ్లు టీవీ మీదే ఉన్నాయి. ఏ మొగుడో పేరు చెప్పలేదు. ఆ తప్పు నాదే.

కరెంటు పోయింది.

చీకటి. వాన. ఆపైన... తలుపు మీద మూడు దెబ్బలు. మెల్లగా, సమంగా.

బండి చప్పుడు నేను వినలేదు.

ఫోన్ లైటు వేసుకుని తలుపు తీశాను. కోటేష్. నా కోటేష్ మొహమే, గడ్డం కింద చిన్న మచ్చతో సహా. ఏడుస్తూ పట్టుకున్నాను. అంత వానలో వచ్చిన మనిషి తెల్ల చొక్కా పొడిగా ఉంది. డంపర్ దిగి వచ్చినవాడి ఒంటి మీద బొగ్గు వాసన లేదు. ఏ వాసనా లేదు.

"అప్పుడే వచ్చినవేంది? మంచిగున్నవా?" మా భాషలోనే అడిగాను.

అతను నవ్వాడు. అర్థం కాని మాట విన్నవాళ్లు మర్యాదకు నవ్వే నవ్వు.

"ఏమంటున్నావు?" అన్నాడు తెలుగులో. ఎంత శుభ్రమైన తెలుగు! ఒక్కో అక్షరం విడివిడిగా, నిదానంగా.

భార్గవి లేచింది. అతను దాని పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. "పాపా, మీ అమ్మ ఏమంటోంది?"

భార్గవి నా వైపు చూసింది, అతని వైపు చూసింది. "మంచిగున్నవా అని అడుగుతున్నది" అని తెలుగులోకి మార్చి చెప్పింది, నానమ్మకు నేను చెప్పినట్టే.

"నేను బాగానే ఉన్నాను. మీ అమ్మే చాలా అలసిపోయింది. ఇక పడుకోమని చెప్పు" అన్నాడు.

ఎన్నేళ్లయింది ఆ మాట నాకెవరైనా అని! పాపను లాక్కుని బయటికి పరుగెత్తాల్సింది. తెలుసు. కానీ జ్వరం, ముసురు, నాలుగేళ్ల నిద్ర అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. భార్గవిని నా కొంగులోకి లాక్కుని నేల మీదే ఒరిగాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి, ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. మధ్యలో ఎప్పుడో దూరంగా బండి చప్పుడు విన్నాననిపించింది. ఎవరో తలుపు బాదినట్టు, మా భాషలో నన్ను పిలిచినట్టు అనిపించింది. లేవలేకపోయాను.

పొద్దున వాన తెరిపిచ్చింది. అతను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తలుపు తీస్తే వాకిట్లో కోటేష్ బండి ఉంది, తడిసి, టైర్ల నిండా ఎర్రమట్టితో. గుమ్మం పక్కన రెండు జతల బూట్లున్నాయి. ఒకటి పొడిగా, మెరుస్తూ. ఇంకొకటి బొగ్గు బురదతో. రెండింటి లోపలా పెన్నుతో రాసిన కోటేష్ డ్యూటీ నంబరే ఉంది, అదే చేతిరాత.

బండి దగ్గర నుంచి తలుపు దాకా ఆ బురద బూట్ల జాడలున్నాయి. తలుపు దగ్గర ఆగిపోయాయి. వెనక్కి పోయిన జాడ ఒక్కటీ లేదు. తాండా చుట్టూ వెతికాను, అడవి అంచు దాకా వెళ్లి అరిచాను. ఎవరితో ఏమని చెప్పను? కోటేష్ ఇంట్లోనే ఉన్నాడు కదా.

అది జరిగి ఏడు నెలలు. అతను పొడి బూట్లు వేసుకుని డ్యూటీకి పోతాడు, వస్తాడు. నన్ను ఒక్క మాట అనడు. "కోటేష్ టీవీ చూసి చూసి టౌనోళ్ల లెక్క మాట్లాడుతుండు" అని తాండాలో నవ్వుకుంటారు. ఎవరైనా మా భాషలో పలకరిస్తే తల ఊపి ఊరుకుంటాడు. మా ఇంట్లో ఇప్పుడు అందరం తెలుగే మాట్లాడుతున్నాం. భార్గవి లంబాడీ మరిచిపోతోంది.

నేను మాత్రం రోజూ ఏడున్నరకు గోడ పక్కన కూర్చుంటాను. "మొగుడు ఇంటికొచ్చిండు యాడీ. నా మొగుడు, కోటేష్, జమ్లి కొడుకు, ఇంటికొచ్చిండు" అని మా భాషలో చెబుతాను. ఈసారి పేరుతో సహా చెబుతాను. అటు నుంచి ఎవరూ అడగరు. ఆ రాత్రి ఆమె అడిగినదానికి జవాబు ఆ రాత్రే అయిపోయింది, అడగని కథ జరగదని నాకు తెలిసిపోయింది, అయినా చెబుతాను.

ఆ రెండో జతను, బొగ్గు బురద బూట్లను, ఆ పొద్దునే అటక మీద పెట్టాను. ఎండలు ముదిరాయి, ఊళ్లో బోర్లు కూడా ఎండిపోతున్నాయి. నిన్న పాత గిన్నెల కోసం నిచ్చెన ఎక్కి ఆ బూట్లు ముట్టుకున్నాను. లోపలి అట్టలు ఎవరో ఇప్పుడే విప్పినట్టు ఇంకా వెచ్చగా ఉన్నాయి. మడమలకు అంటిన బురద నా వేళ్లకు తడిగా తగిలింది.