కెస్ట్రెల్ కొండ మీద అగ్ని కావలి

యజ్ఞభోక్త వీవు, యాగాగ్నిరూపుఁడ
వమరులకును హవ్య మందఁ జేయు
దూత వీవె, నేఁడు దుష్టులచేఁ బడ
కుండఁ గాచి మమ్ముఁ గూర్మి నేలు!

ఏడు నాలుకల ఆ దేవునికి నమస్కరించి, ఆయనను హంతకునిగా మార్చబోయిన నీచుల కథ చెబుతున్నాను. చిత్తగించండి.

ఆగస్టు నెల రెండో మంగళవారం ఉదయం తొమ్మిది దాటాక, కెనడాలోని వాటర్లూ లైట్ రైలు స్టేషన్‌లో చక్రధర్ బెంచి మీద కూర్చుని ఉన్నాడు. మూడు రైళ్ళు వచ్చి వెళ్ళాయి. అతను లేవలేదు. నాలుగో రైలు ఎక్కబోతున్న ఒక విద్యార్థిని అనుమానం వచ్చి భుజం తట్టింది. శరీరం పక్కకు ఒరిగిపోయింది. మెడ వెనుక, కాలరు అంచున, సూది గుచ్చిన ఎర్రని చుక్క ఒక్కటే కనిపించింది.

లోకానికి చక్రధర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నిజానికి గూఢచార శాఖలో ఇరవై రెండేళ్ళ అనుభవం గల ఏజెంటు. ఆ ఇరవై రెండేళ్ళూ అతని పక్కన నడిచినవాడు మహీధర్. ఒషావాలో కార్ల ఫ్యాక్టరీ ఇంజనీరుగా రిటైరై, వారాంతాల్లో గుడిలో వేదపాఠం చెప్పుకునే పెద్దమనిషిగా మాత్రమే లోకం ఇతన్ని ఎరుగును. దహన సంస్కారం ముగిశాక చక్రధర్ భార్య శ్యామల మహీధర్ ముందుకు వచ్చి నిలబడింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"అన్నయ్యగారూ, నాకు ఏడుపు రావటం లేదు. కోపం వస్తోంది. తప్పంటారా?"

"తప్పు కాదమ్మా. నాకూ అదే వస్తోంది."

ఆ సాయంత్రమే గ్వెల్ఫ్‌లో, పియానోలు బాగుచేసే ఒక దుకాణం వెనుక గదిలో, చీఫ్ హేమచంద్ర మహీధర్ ముందు ఒక ఫోటో పెట్టాడు. ఎర్రని పెదవులు, తీర్చిన కనుబొమలు, ఎవరినైనా నమ్మించగల చిరునవ్వు.

"వాసవి. హైదరాబాద్, తర్వాత కాలిఫోర్నియా, ఇప్పుడు వాంకూవర్. విదేశీ ముఠాలో మన ఇన్ఫార్మర్ అనుకున్నాం. రిక్రూట్ చేసింది చక్రధరే. పోయేముందు రాత్రి అతను పంపిన చివరి మెసేజ్ ఇది: 'వాసవి డబుల్ ఏజెంట్.' సూది కూడా ఆవిడదే."

"ఎక్కడుంది?"

"బ్రిటిష్ కొలంబియా. కెస్ట్రెల్ కొండ మీద పాత ఫైర్ లుకౌట్ క్యాబిన్. ఒకప్పుడు వేసవంతా ఒక మనిషి అక్కడ కూర్చుని, అడవిలో ఎక్కడ పొగ లేచినా రేడియోలో చెప్పేవాడు. పాడుపడితే కింద ఊరివాళ్ళే పలకలు మోసుకెళ్ళి మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు బుక్ చేసుకుని ఎవరైనా ఒక రాత్రి ఉండొచ్చు. ముఠా ప్లాన్ మనకిస్తానంది, అక్కడికి ఒక మనిషిని పంపమంది."

"అసలు ప్లాన్?"

"చక్రధర్ ముందే పంపిన వివరాల ప్రకారం, చుట్టూ అయిదు లోయల్లో అయిదు ఫైర్ బాంబులు. కొండల్లో సిగ్నల్ పోదు. అయిదూ కనిపించే చోటు ఆ క్యాబిన్ ఒక్కటే. ఎల్లుండి తెల్లవారుజామున డ్రై కోల్డ్ ఫ్రంట్ వస్తోంది, వాన చుక్క లేని పొడిగాలి, గంటకి డెబ్బై కిలోమీటర్ల వేగం. కింద కెస్ట్రెల్ ఫాల్స్ ఊళ్ళో మూడు వేల రెండు వందల మంది నిద్రలో ఉంటారు. బయటికి రోడ్డు ఒక్కటే."

"ఇప్పుడే పట్టుకోవచ్చు కదా, సార్!"

"పట్టుకుంటే నోరు విప్పదు. బాంబులు అడవిలోనే ఉంటాయి, ఇంకోడు వచ్చి స్విచ్ నొక్కుతాడు. బాంబుల్ని పేలడానికి సిద్ధం చేసేటప్పుడు ఒక్కో చోటూ దిశా దూరమూ వాళ్ళ బాస్‌కి చదివి చెబుతుంది. అయిదూ విను. నొక్కేలోగా ఆపు. నీ దగ్గర రేడియో ఉండకూడదు, ఆవిడ స్కానర్ పట్టేస్తుంది. ఇదిగో, హియరింగ్ ఎయిడ్. గోడ అవతలి గుసగుస కూడా వినిపిస్తుంది. రాసుకునే వీలుండదు, గుర్తుపెట్టుకో."

"వాళ్ళ ఆపరేషన్ పేరేమిటి?"

హేమచంద్ర చెప్పాడు: "ఆహుతి."

మహీధర్ ఫోటోను వెనక్కి నెట్టాడు. "ఆ మాట వాళ్ళకెందుకు?"

"తెలీదు. భక్తిపరుణ్ణి పంపమని మరీ మరీ అడిగింది. అదీ అర్థం కాలేదు. మహీధర్, ఆవిడ ప్రాణాలతో కావాలి. నీ కోపం ఈ గదిలోనే వదిలి వెళ్ళు."

"అది కుదరదు సార్. వెంట తీసుకెళ్తాను. బయటికి మాత్రం తియ్యను."

మర్నాడు, నాలుగు గంటల పాటు కొండ ఎక్కాక, పొద్దు వాలుతుండగా మహీధర్ శిఖరం చేరాడు. నలువైపులా అద్దాల కిటికీలతో చిన్న చెక్క గుడిసె, చుట్టూ కటకటాల వసారా. ఎర్రని జాకెట్ తొడిగిన వాసవి అక్కడ నిలబడి ఉంది. అంత ఎత్తున కూడా ఆమె అత్తరు గాలిలో తేలుతోంది.

"ఈ కొండ మీద నీళ్ళు దొరుకుతాయా?" అని కోడ్ మాట అడిగాడు మహీధర్.

"మంచు కరిగితే దొరుకుతాయి," అని జవాబిచ్చి ఆమె నవ్వింది. "రండి అంకుల్. చక్రధర్ గారి సంగతి విన్నాను. రెండు రోజులు అన్నం తినలేకపోయాను."

మహీధర్ చేతికర్రను గోడకు ఆనించాడు. "తినాలమ్మా, తినాలి," అన్నాడు మెల్లగా.

గది నడుమ ఎత్తయిన దిమ్మ మీద గుండ్రని పటం, దాని చుట్టూ అంకెలు చెక్కిన ఇత్తడి వలయం, గురి చూసే బద్ద. దాన్ని ఫైర్ ఫైండర్ అంటారు. పొగ వైపు బద్దను తిప్పితే వలయం మీద దిశ తెలుస్తుంది. ఎందరి కళ్ళు ఏళ్ళ తరబడి ఆ బద్ద వెంట చూసి ఊళ్ళను కాపాడాయో! నిప్పును కనిపెట్టడానికి కట్టిన చోటి నుంచే, ఆ పరికరంతోనే, నిప్పు పెట్టడానికి పూనుకున్నారు ఈ పాపాత్ములు. మహీధర్ ఆ ఇత్తడిని ఒకసారి అరచేత్తో తడిమాడు.

"ప్లాన్ పేపర్లు పొద్దున్నే ఇస్తాను," అంది వాసవి. "ముందు భోంచెయ్యండి. మీ కోసమే పులిహోర తెచ్చాను. ఉల్లిపాయ కూడా తగల్లేదు, మడిగా చేశాను."

మహీధర్ స్టీలు పళ్ళెం ముందు కూర్చుని, అన్నం చుట్టూ నీటితో పరిషేచనం చేసి, అయిదు చిన్న ముద్దలు తీసి పళ్ళెం పక్కన, గుమ్మం అంచున పెట్టాడు.

"తినకుండా పారేస్తున్నారేమిటి అంకుల్?"

"చిత్రాహుతులమ్మా. యముడికి, చిత్రగుప్తుడికి భాగం."

"ఇంత ఎత్తుకి వస్తారా వాళ్ళు?"

"పిలిస్తే ఎక్కడికైనా వస్తారు."

వచ్చినది మాత్రం ఒక బూడిదరంగు పక్షి. ఆ కొండల్లో మనుషుల చేతిలోంచే ఆహారం లాక్కుపోయే గ్రే జే. గుమ్మం మీద వాలి రెండు ముద్దలు మింగింది. మహీధర్ కళ్ళు మూసుకుని మంత్రం సాగదీశాడు. ఓర కంట చూస్తే పక్షి రెండడుగులు తూలి, రెక్కలో ముక్కు దూర్చి, కటకటాల మూల కూలబడింది. రొమ్ము మాత్రం నిదానంగా కదులుతోంది. మత్తుమందు!

అన్నం పరబ్రహ్మ స్వరూపమని నమ్మిన మనిషి అతను. ఆ అన్నంలోనే మందు కలిపిన చేతిని చూస్తే, ఆ చేతికి గాజులుండటం చూస్తే, అతనికి పళ్ళెం ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. వాసవి టీ కోసం పొయ్యి వైపు తిరగగానే పులిహోరంతా జాకెట్ జేబులోకి పోయింది.

"అద్భుతంగా ఉందమ్మా. కళ్ళు మూతలు పడుతున్నాయి," అని మంచం ఎక్కి, వెంటనే గురక మొదలుపెట్టాడు.

ఆ రాత్రంతా అతను గురక పెడుతూనే మేలుకొని ఉన్నాడు. తూర్పు శిఖరాల వెనుక తెల్లని గీత కనిపించేసరికి గుడిసె గోడలు గాలికి కిర్రుమనసాగాయి. వాసవి లేచింది. ఫైర్ ఫైండర్ దిమ్మకున్న తలుపు తీసింది. లోపల నల్లని ట్రాన్స్‌మిటర్, వరుసగా అయిదు పచ్చ దీపాలు, వాటి కింద ఎర్ర స్విచ్. ఆమె బద్దను తిప్పి, మైకులో గుసగుసగా చదివింది.

"జీరో ఫోర్ టూ. నైన్ కిలోమీటర్స్."

"కాపీ," అంది అవతలి గొంతు. మొదటి దీపం వెలిగింది.

"వన్ వన్ సెవెన్. ఫోర్టీన్."

మహీధర్ వేదం వల్లించే క్రమపాఠం పట్టాడు. మొదటిదానితో రెండోదాన్ని, రెండోదానితో మూడోదాన్ని ముడివేస్తూ మనసులోనే వల్లె వేశాడు. వన్ సిక్స్ త్రీ, ఏడు. టూ నైన్ ఎయిట్, పదకొండు. నాలుగు దీపాలు వెలిగాయి. నాలుగు ముళ్ళూ బిగిశాయి. ఇక ఒక్కటే.

వాసవి చెయ్యి ఆగిపోయింది.

"గురక ఆపేశారేమిటి అంకుల్?"

వల్లె వేసే ధ్యాసలో గురక సంగతే మరిచిపోయాడు మహీధర్! కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పిస్టల్ ఉంది.

"లేవండి. కిటికీకి ఆనుకుని నిలబడండి. చేతులు పైకి!"

అతను లేచి చేతులెత్తాడు.

"పులిహోర తినలేదన్నమాట. పోనీలెండి, ఎలాగైనా మీరు ఇక్కడ చచ్చిపోయే దొరకాలి." ఆమె కాలితో ఒక సంచిని ముందుకు నెట్టింది. అందులోంచి రాగి హోమకుండం, నెయ్యి డబ్బా, కుంకుమ పొట్లం, చెక్కముక్కల ప్యాకెట్ దొర్లాయి. "అయిదు చోట్లా ఇవే పెట్టాం. రేపు అన్ని టీవీల్లోనూ ఒకటే న్యూస్. మతపిచ్చి పట్టిన ముసలాడు హోమాలు చేసి ఊరు తగలబెట్టాడని. తర్వాత ఈ దేశంలో మీ గుళ్ళ గుమ్మాల ముందు ఎవరు నిలబడతారో మీరే ఊహించుకోండి."

అప్పటికి అర్థమైంది ఆ పేరు. భక్తిపరుణ్ణే ఎందుకు పంపమందో అప్పటికి అర్థమైంది. మహీధర్ కళ్ళ ముందు గది ఎర్రబడింది. మూడు వేల ప్రాణాలు తీయడమే కాక, ఆ పాపాన్ని నిప్పుకు మొక్కేవాడి నెత్తిన రుద్దుతారట! మీదికి దూకమంది ప్రతి నరమూ. దూకితే అయిదో చోటు తెలియదు. అతను ఆ చెక్కముక్కల ప్యాకెట్ వైపు చూశాడు. తర్వాత గట్టిగా నవ్వాడు.

"ఏమిటా నవ్వు?"

"వాసవీ, సమిధలంటే ఏమిటో తెలుసా నీకు? రావి, మేడి, మోదుగ. ఇవేమిటి? ప్యాకెట్ మీద చదువు. హికరీ! బార్బెక్యూలో మాంసం కాల్చుకునే చెక్కలు!"

ఆమె చూపు ఒక్కసారి ప్యాకెట్ మీదికి వెళ్ళి వచ్చింది.

"గుళ్ళో ఏ ముసలమ్మకు చూపించినా క్షణంలో పట్టేస్తుంది. ఇంత చవకబారు పనివాళ్ళను నేనెక్కడా చూడలేదు. నాలుగే చదివావు. అయిదోది అసలు పెట్టారా? దారి తెలియక ఎక్కడో పారేసి వచ్చి ఉంటారు మీవాళ్ళు!"

"నోర్ముయ్!" చిరునవ్వు ముసుగు జారిపోయింది. "వాళ్ళెవరో కాదు, అయిదోది నేనే పెట్టాను, ఈ చేతుల్తో! చూడు!" ఆమె బద్దను విసురుగా తిప్పింది. "టూ త్రీ జీరో! సిక్స్ కిలోమీటర్స్! ఊరి వంతెన కింద! ఆ ఒక్క రోడ్డూ ముందు అదే మూసుకుంటుంది!"

"కాపీ," అంది రేడియో. అయిదో దీపం వెలిగింది. ఆమె వేలు ఎర్ర స్విచ్ మీదికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడు, పైకెత్తిన మహీధర్ వేళ్ళకు కిటికీ చట్రం మీద ఏదో గట్టిగా తగిలింది. చట్రం రంగే పూసిన లావుపాటి కేబుల్. సాయంత్రం వస్తూ కప్పు మీద చూసిన పిడుగు కడ్డీ నుంచి వస్తోంది. పిడుగు కడ్డీ తీగ బయటి బండలోకి దిగాలి గాని, గదిలోకి ఎందుకొస్తుంది? అది కడ్డీ కాదు, యాంటెన్నా! చేతులెత్తమని చెప్పి, ఆ చేతులకు దాన్ని అందించినది ఆమే.

రెండు చేతులా కేబుల్ పట్టుకుని, ఇరవై రెండేళ్ళ స్నేహాన్నీ శ్యామల పొడి కళ్ళనూ తలుచుకుని, ఒక్క గుంజు గుంజాడు. కప్పు మీది పలకలు పెళపెళ విరిగాయి. యాంటెన్నా కిటికీ అద్దం పగలగొట్టుకుని లోపలికి వచ్చిపడింది. ఎర్ర స్విచ్ టక్కుమంది.

అయిదు పచ్చ దీపాలూ ఒకేసారి ఆరిపోయాయి.

వాసవి పిచ్చిగా మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. తర్వాత కాల్చింది. గుండు మహీధర్ చెవిని చీల్చుకుంటూ, హియరింగ్ ఎయిడ్‌ను ఎగరగొట్టుకుంటూ పోయింది. రెండోసారి కాల్చేలోగా అతను కంబళి ఆమె మీదికి విసిరి, మణికట్టు విరిచి పట్టాడు. పిస్టల్ అతని చేతిలోకి వచ్చింది.

"కాల్చండి అంకుల్," అంది ఆమె రొప్పుతూ. "చక్రధర్ చచ్చేముందు మీ పేరే పిలిచాడు."

ఆ మాటతో అతని వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. కిటికీలోంచి గాలి హోరుమని లోపలికి కొట్టింది. దిగువన కెస్ట్రెల్ ఫాల్స్ ఇళ్ళు బొమ్మల్లా నిద్రపోతున్నాయి. అయిదు అంకెలూ అతని తలలోనే ఉన్నాయి, ఇంకెవరికీ తెలియవు. ఈ క్షణం కోపానికి లొంగితే అవి చెదిరిపోతాయని అతనికి తెలుసు.

"బతికి ఉండు," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "కోర్టులో శ్యామల ఎదురుగా కూర్చుంటుంది. ఆ చూపుకన్నా ఈ గుండు చాలా తేలిక."

పిస్టల్‌లో గుళ్ళు తీసేసి, ఆమె కేబుల్‌తోనే ఆమెను మంచం కోడుకు కట్టాడు. ఆమె సంచిలోని చేతి రేడియో తీసి, శాఖ ఫ్రీక్వెన్సీ పట్టి, అయిదు దిశలూ దూరాలూ ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివాడు. కొండ వెనుక కాచుకున్న అయిదు హెలికాప్టర్లు లేచాయి. వంతెన కింది బాంబు ముందు దొరికింది. ఎనిమిది గంటలకల్లా అయిదూ దొరికాయి. ఆ పొడిగాలి అంత దూరం నుంచి వచ్చి, మోసుకుపోవడానికి ఒక్క నిప్పురవ్వ కూడా దొరక్క, చెట్లను ఊపి వెళ్ళిపోయింది.

హేమచంద్ర హెలికాప్టర్ దిగి, విరిగిన కప్పునూ కట్టుతో ఉన్న చెవినీ చూశాడు.

"కోపం తగ్గిందా?"

"లేదు సార్. తగ్గకూడదు కూడా."

"సరే. బయల్దేరే ముందు అదుగో, అతిథుల పుస్తకం. ఇక్కడ ఉన్నవాళ్ళంతా రెండు మాటలు రాయాలట, ఊరివాళ్ళ రూలు."

మహీధర్ కలం తీసుకుని శ్రద్ధగా రాశాడు: "దృశ్యం అమోఘం. పైకప్పు విరిగింది, తప్పు నాదే, వచ్చే శనివారం సుత్తి తీసుకుని వస్తాను. దయచేసి ఈ గదిలో ఎవరూ బార్బెక్యూ పెట్టవద్దు."

ఈ కథ విన్నవారి ఇళ్ళలో నిప్పు పొయ్యిలోనూ దీపంలోనూ మాత్రమే వెలుగు గాక. వారి ఊళ్ళకు మేలుకొని ఉండే కావలి దొరుకు గాక. వారి కోపం అన్యాయం మీదికే మళ్ళు గాక. చెప్పినవారికీ విన్నవారికీ ఆ హవ్యవాహనుడు ఆయురారోగ్యాలు ప్రసాదించు గాక.