ఒక్కటి నాకివ్వు, చెల్లీ

ఆ ఇంట్లో వెలుతురు బాగా ఉండేది బాత్‌రూమ్‌లోనే. అందుకే ఇంజక్షన్లు అక్కడే చేసుకునేదాన్ని.

ఆసుపత్రికి దగ్గరని రెండు నెలలకు అద్దెకు తీసుకున్న మూడో అంతస్తు వాటా అది. ఒక గది, మనిషి తిరగడానికి కూడా చోటు లేని వంటిల్లు, ఒక బాత్‌రూమ్. మా సొంత ఊరు నాలుగు గంటల ప్రయాణం. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. దానికి సెలవు పెట్టాను. మా ఆయన లిఫ్టు మెకానిక్. ఆయనకు ఎక్కడైనా పని దొరుకుతుంది.

ఈ టెస్ట్‌ట్యూబ్ బిడ్డ వైద్యానికి మూడు నెలల ముందు నుంచే సిద్ధమవుతున్నాం. నేను ఆరు కిలోలు తగ్గాను, కాఫీ మానేశాను. ఆయన సిగరెట్లు మానేశాడు. పొద్దున మాత్ర, సాయంత్రం నడక. ఒళ్ళు సిద్ధమైతే చాలదు, మనసు కూడా సిద్ధం కావాలని డాక్టరమ్మ ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపింది. "ఆశ పెట్టుకోండి. కానీ ఆశ మీదే కూర్చోకండి" అందావిడ. ఏడేళ్ళుగా నేను కూర్చున్నది దాని మీదే. మరి లేచి ఎక్కడ కూర్చోవాలో ఆవిడ చెప్పలేదు.

ఒకసారి బట్టల కొట్టు ముందు ఆగి చిన్న సాక్సులు చూస్తుంటే మా ఆయన నవ్వాడు. "ఆలు లేదు, చూలు లేదు అన్న సామెత మనకి సగమే వర్తిస్తుందే. ఆలు ఉందిగా!" అని. ఇద్దరం రోడ్డు మీదే పడీ పడీ నవ్వాం. ఇంటికొచ్చాక నేను బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను.

రోజూ సాయంత్రం ఏడింటికి పొట్ట మీద ఇంజక్షన్. పది అంతస్తుల మీద తాడు పట్టుకుని వేలాడే మనిషికి సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. మొదటిరోజు నేను సూది తీయగానే ఆయన గోడ పట్టుకుని కూలబడ్డాడు. రెండోరోజు నుంచి నేనొక్కదాన్నే లోపలికెళ్ళి గడియ పెట్టుకునేదాన్ని.

మూడోరోజు సూది చేతిలోంచి జారి కింద పడింది. ఇంకో సూది తీసి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ వదిలేశాను. నా వల్ల కాలేదు.

"ముందు ఐసు ముక్క పెట్టు చెల్లీ. తిమ్మిరెక్కాక పొడుచుకుంటే తెలీదు."

ఉలిక్కిపడ్డాను. మాట వచ్చింది పైనున్న వెంటిలేటర్ నుంచి. గాజుపలకల మధ్య సందులు. ఆ అవతల నీళ్ళ పైపులు దిగే ఇరుకు సందు. పక్క వాటా బాత్‌రూమ్ కూడా అటే ఉంటుందనుకున్నాను.

"ఎవరండీ?"

"నీలాంటిదాన్నే. నేనూ సిద్ధమవుతున్నా."

ఐసు ముక్క తెచ్చి పెట్టుకున్నాను. నిజంగానే నొప్పి తెలియలేదు.

ఆ తర్వాత రోజూ ఏడింటికి ఆమె అక్కడ ఉండేది. నేను "అక్కా" అనడం మొదలుపెట్టాను. ఏది తింటే కడుపు ఉబ్బరం తగ్గుతుందో, ఏ నర్సు చెయ్యి తేలికో అన్నీ ఆమెకు తెలుసు. ఏడవాలనిపిస్తే కుళాయి తిప్పక్కర్లేదు చెల్లీ, ఇక్కడ నేనే కదా ఉన్నది అనేది. సొంత అక్క కూడా అంత ఓపిగ్గా వినదు. ఎన్నాళ్ళ నుంచి ప్రయత్నిస్తున్నావక్కా అని అడిగితే మాత్రం, "చాలా..." అనేది.

ఆమె మాట్లాడేటప్పుడు ఆ సందుల్లోంచి ఒక వాసన వచ్చేది. తడి సిమెంటు వాసన. దాని కింద, కాచి మర్చిపోయిన పాలు విరిగితే వచ్చే పులుపు.

ఏడోరోజు సూది కుడివైపు పెట్టబోతుంటే అంది. "అటు వద్దు. నిన్న అక్కడే కదా పొడుచుకున్నావు. కమిలిపోయింది చూడు."

చూశాను. కమిలి ఉంది.

ఎవరైనా ఒకరోజు అటు, ఒకరోజు ఇటు చేసుకుంటారు, అందుకే అని ఉంటుంది... అనుకున్నాను. ఆ వెంటిలేటర్ నా తలకు మూరెడు పైన ఉందని నాకు తెలుసు. అయినా అలాగే అనుకున్నాను.

తొమ్మిదోరోజు స్కాన్‌లో డాక్టరమ్మ తెర మీద అండాలు పెరిగే నల్లటి బుడగల్ని వేలితో చూపించి లెక్కపెట్టింది. పది. "చాలా బావుందమ్మా" అంది. ఆ సాయంత్రం అక్కకు చెబుదామని ఆత్రంగా లోపలికెళ్ళాను. నేను నోరు తెరవకముందే...

"పది కదూ."

"నీకెలా తెలుసక్కా?"

"నాకు ఎప్పుడూ ఒక్కటి కూడా రాలేదు చెల్లీ." గొంతు బాగా దగ్గరగా వినిపించింది. "నీకు పది ఉన్నాయి. ఒక్కటి నాకివ్వు."

నవ్వొచ్చింది, జాలేసింది. మాట వరసకు అనేశాను. "దానికేముందక్కా, తీసుకో."

పులిసిన పాల వాసన ఒక్కసారిగా గుప్పుమంది.

మర్నాడు రాత్రి ఎనిమిదింటికి చివరి ఇంజక్షన్. అది చేసుకున్న సరిగ్గా ముప్పయ్యారు గంటలకు అండాలు తీస్తారు. ఆలస్యమైతే అవి వాటంతటవే విడుదలై పోతాయి, ఇన్ని నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే అని నర్సు ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. అక్క ఆ రోజు మాట్లాడలేదు. తర్వాతి రోజు కూడా.

అండాలు తీసే రోజు పొద్దున ఆరున్నరకు స్నానానికి వెళ్ళాను. ఏడున్నరకల్లా ఆసుపత్రిలో ఉండాలి. "నేను కిందికెళ్ళి ఆటో పిలుస్తా, నువ్వు తయారవ్వు" అని మా ఆయన వెళ్ళాడు. స్నానం చేసి, బట్టలు వేసుకుని గడియ లాగాను.

రాలేదు.

మళ్ళీ లాగాను. తువ్వాలు చుట్టి లాగాను. రోజూ వేలితో తోస్తే జారే గడియ. గోడలో భాగమైపోయినట్టు ఉంది.

"ఏమండీ!" అని అరిచాను. తలుపు బాదాను. నా అరుపు ఆ నాలుగు గోడల్లోనే తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఫోను బయట మంచం మీద ఉంది.

"కంగారు పడకు చెల్లీ."

ఆ మాట వెంటిలేటర్ నుంచి రాలేదు. నా వెనక నుంచి వచ్చింది.

తిరగలేదు. తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"అక్కా... నాకు టైమవుతోంది..."

"తెలుసు."

"వదిలెయ్... ఏడేళ్ళక్కా... నీకు తెలుసు కదా..."

"ఇస్తానన్నావుగా."

మెడ మీద చల్లటి గాలి. ఊపిరి కాదు. తడి సిమెంటు మీంచి వచ్చే గాలి.

"ఇచ్చేసి పో."

తొమ్మిది చాలు అనుకున్నాను. అంతే అనుకున్నాను. పైకి అనలేదు. కానీ తల ఊపాను... అవును, ఊపాను. అది నేను మా ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

పొట్టలో, కుడివైపు, చిన్నగా చురుక్కుమంది. సూది గుచ్చినట్టే. అయితే లోపలి నుంచి.

గడియ దానంతటదే జారింది.

తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా మా ఆయన. చేతిలో పెద్ద స్పానర్, ఒళ్ళంతా చెమట. తలుపు అంచు అంతా గాట్లు.

"ఎన్నిసార్లు పిలిచానే! అరగంట నుంచి బాదుతున్నా. పలకవేం?"

నాకు ఒక్క దెబ్బ కూడా వినిపించలేదు. లోపల గడిచింది ఐదు నిమిషాలే అనుకున్నాను.

ఆటోవాడు చేతనైనంత వేగంగా తోలాడు. అందుకున్నాం. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని నవ్వుతోంది. "తొమ్మిదమ్మా. పదో దాంట్లో ఏమీ లేదు. ఒక్కోసారి అలా ఖాళీగా ఉంటుంది, మామూలే."

మర్నాడు అక్క గొంతు సంగతి చెబితే, మా ఆయన నిచ్చెన వేసి, వెంటిలేటర్ పలకలు ఊడదీసి, టార్చి వేసి చూశాడు. లిఫ్టు గోతుల్లో తిరిగే మనిషి, ఇరుకు చోట్లు ఆయనకు కొత్త కాదు.

"అవతల వాటాయే లేదే. ఎదురుగా వట్టి గోడ. ఇటు కిటికీ ఉన్నది మనకొక్కళ్ళకే. పైపులు, బూజు. పిల్లి కూడా పట్టదు." నా మొహం చూసి దిగొచ్చాడు. "ఆ మందులకి అలాగే ఉంటుందట చిట్టీ. ఏవేవో వినిపిస్తాయి. ఇల్లు మారదామా?"

మారదాం అన్నాను. కానీ ఆ ఆదివారమే లోపల పిండం పెట్టారు. తొమ్మిదింటిలో ఐదు పిండాలయ్యాయి. ఒకటి నాలో, నాలుగు వాళ్ళ ఫ్రీజర్‌లో. మెట్లెక్కొద్దు, బరువులెత్తొద్దు అన్నారు. పద్నాలుగు రోజులు ఆ గదిలోనే కప్పు చూస్తూ గడిపాను. స్నానానికి వెళ్ళినా తలుపు మూయనివ్వలేదు ఆయన. అక్క మాట్లాడలేదు. గోడలు గోడల్లాగే ఉన్నాయి.

పదిహేనో రోజు రక్తపరీక్ష. సాయంత్రం ఫోనులో నర్సు గొంతు వినగానే నిలవలేదని అర్థమైంది. ఆమె పూర్తిచేయకముందే ఫోను ఆయనకిచ్చేశాను.

"ఇంటికి పోదాం" అన్నాడు ఆయన ఫోను పెట్టేసి. "రేపే పోదాం. నాలుగున్నాయిగా. నువ్వు కోలుకున్నాక వద్దాం."

సరేనని, మొహం కడుక్కోవడానికి లోపలికెళ్ళాను. గడియారం చూడలేదు గానీ ఏడు అయి ఉంటుంది. కుళాయి తిప్పబోయి ఆగిపోయాను.

వెంటిలేటర్ అవతల ఎవరో ఎక్కిళ్ళు పెడుతున్నారు.

చాలా చిన్న ఎక్కిళ్ళు. అప్పుడే పాలు తాగిన పసిగుడ్డు ఎక్కిళ్ళు. తర్వాత వీపు మీద మెల్లిగా తట్టే చప్పుడు.

"ఊరుకో... ఊరుకో నాన్నా... అమ్మ ఇక్కడే ఉందిగా."

అక్క గొంతు.

భయపడాల్సింది. పరుగెత్తాల్సింది. నా రెండు చేతులూ వాటంతటవే గోడ మీదికి వెళ్ళాయి.

మర్నాడు మేం ఊరికి పోలేదు. ఆ వారమూ పోలేదు. ఒంట్లో బాలేదన్నాను, ప్రయాణం చేయలేనన్నాను. దుకాణం యజమాని రెండుసార్లు ఫోను చేసి, మూడోసారి ఇంకొకళ్ళని పెట్టుకున్నానని చెప్పాడు. నాకు ఏమీ అనిపించలేదు. ఏడు ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చునేదాన్ని. గడియ పెట్టుకునేదాన్ని.

"అక్కా, ఒక్కసారి చూపించు" అనేదాన్ని. "పోనీ, ఆడపిల్లో మగపిల్లాడో చెప్పు." అక్క ఇప్పుడు నాతో మాట్లాడదు. ఆమెకు తీరిక లేదు. ఉంగా ఉంగా అంటుంటే తనూ అంటుంది. నేను గోడకి చెవి ఆనించి, ఆ బిడ్డ నిద్రపోయేదాకా కూర్చుని, కాళ్ళు తిమ్మిరెక్కి లేచేదాన్ని.

మా ఆయన మొదట బతిమాలాడు. తర్వాత కసిరాడు. నిన్న సాయంత్రం గడియ పెట్టేలోపు తలుపు అడ్డం పట్టుకున్నాడు.

"ఇంక చాలు. బండి మాట్లాడా. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. లే."

"ఒక్క ఐదు నిమిషాలండీ..."

"ఏముందే ఇక్కడ? ఏముందీ అంట!"

"ష్..." అన్నాను. "నిద్రలేస్తుంది."

ఆయన నన్ను లేవదీయడానికి వంగాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆయన తల మెల్లిగా వెంటిలేటర్ వైపు తిరిగింది. మొహంలో రక్తం ఇంకిపోవడం నా కళ్ళారా చూశాను. గుండెలో ఏదో బరువు దిగినట్టయింది. ఆయనకూ వినిపించింది... నాకు పిచ్చి పట్టలేదు...

ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. చాలాసేపు. ఎక్కడో పైపులో నీళ్ళు జారిపోయాయి.

ఆయన నా పక్కన తడి నేల మీదే కూలబడ్డాడు.

"ఇద్దరున్నారు కదూ..." అన్నాడు గుసగుసగా.

నేను ఇచ్చింది ఒక్కటే. నాలో నిలవనిది ఇంకొకటి.

చెవి గోడకు ఆనించాను. అక్క ఒకరిని జోకొడుతోంది. కాస్త అవతల, ఇంకా కిందుగా, మరో గొంతు అప్పుడే గుక్కపట్టింది.